వై.వి. స్ట్రీట్‌లోకి కార్లు రానివ్వాలా, వద్దా?

ఏడురోడ్ల వాసి: కడపలో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మన బజారు వీధి వై.వి. స్ట్రీట్‌లోకి కార్లు ఆపేయాలని నేనంటాను. మా బావేమో రోడ్లు వెడల్పు చేసి ఇంకో రింగు రోడ్డు వేస్తే చాలు, కువైట్ చూడు అంటాడు. అక్కడ బండి నడిపినోళ్లు చెప్పండి.

గల్ఫ్ డ్రైవర్: చూసినాను అన్నా. కువైట్ పాత ఊరి చుట్టూ మట్టిగోడ ఉండేదంట. 1952లో ఇంగ్లండు వాళ్లతో మాస్టర్ ప్లాన్ గీయించుకున్నారు. 1957లో గోడ పడగొట్టి గేట్లు మాత్రం ఉంచినారు. గోడ ఉన్న దారినే మొదటి రింగు రోడ్డు. అట్లా రింగుల మీద రింగులు, ఏడో నంబరు దాకా పోయినాయి. రింగు పెరిగేకొద్దీ ఇళ్లు ఇంకా దూరం పోతాయి, రొట్టె తేవాలన్నా కారే. బడి టైములో ఏ రింగు చూసినా జామే. నడుద్దామంటే ఎండ! 2016 జూలైలో కువైట్‌లోనే మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు. ఆ ఎండలో బస్సు కోసం నిలబడేది ఎవరు? మనోళ్లే. డ్రైవరు పని మీద పోయినోళ్లకు మినహాయింపు ఉంది గానీ, మిగతా పరాయి దేశపోళ్లలో చానామంది లైసెన్సు కావాలంటే నెలకు 600 దీనార్ల జీతం, డిగ్రీ చూపించాల.

బట్టల కొట్టు: కథ బాగుంది. పులివెందుల నుంచి పెళ్లి బట్టలకు కుటుంబమంతా కారులోనే వస్తారు. ఇక్కడికి కారు రానివ్వకపోతే నేరుగా ప్రొద్దుటూరు పోతారు. నష్టం మీకు కాదు కదా.

గల్ఫ్ డ్రైవర్: అదే కువైట్‌లో సూక్ ముబారకియా అని పాత బజారుంది. లోపల జనం నడిచే తిరుగుతారు. రంజాన్ నెలలో పోయి చూడండి, కాలు పెట్టే సందుండదు. అంగళ్లేం మూతపడలేదే.

కోటిరెడ్డి సర్కిల్: ఆటోలు కూడా ఆపుతారా? మా అమ్మకు మోకాళ్ల నొప్పులు.

ఏడురోడ్ల వాసి: ఆటోలు కాదండీ, కార్లే.

బట్టల కొట్టు: ముబారకియా పక్కన పార్కింగ్ లేదా మరి?

గల్ఫ్ డ్రైవర్: ఉంది, డబ్బులు కట్టి పెట్టుకోవాల.

బట్టల కొట్టు: నేనడిగేదీ అదే! పాత బస్టాండు వైపు ఎక్కడైనా పార్కింగ్ కట్టించండి, తర్వాత కార్లు రాకుండా ఆపండి. ముందు సంతకం నేనే పెడతా.

గల్ఫ్ డ్రైవర్: గంటకు ఇరవై రూపాయలు మనోళ్లు కడతారంటావా? లక్షల కారు కొన్నోడే ఆ ఇరవైకి గొడవ పడతాడు.