ప్రమాదకర క్రిముల ల్యాబులు: భద్రతకు ప్రభుత్వం విడిగా డబ్బివ్వాలా?

చర్చ: ప్రాణాంతక క్రిములపై పరిశోధించే ల్యాబుల భద్రతకు ప్రత్యేక నిధి ఉండాలా, పరిశోధన గ్రాంటులోంచే సర్దుకోవాలా?

గొట్టంగోల: విడిగానే ఇవ్వాలి. 2007లో ఇంగ్లండ్‌లోని పిర్‌బ్రైట్ పశువ్యాధుల ల్యాబుల నుంచి పశువుల గాలికుంటు వైరస్ బయటపడింది. ఎలాగంటే, కారుతున్న పాత మురుగు పైపులోంచి! అది పాడైందని ముందే తెలుసు. బాగుచేసే ఖర్చు ఎవరిదన్న పేచీ తెగలేదంతే. కొత్త మైక్రోస్కోపుకు డబ్బిచ్చేవాళ్లు దొరుకుతారు, మురుగు గొట్టానికి ఎవరిస్తారండీ? గ్రాంటులో సర్దుకోమంటే మొదటి కోత దానికే.

సందేహి: మీరు గొట్టం దగ్గరే ఆగిపోయారు. అసలా ప్రయోగం అవసరమా అని కదా ముందు అడగాల్సింది? 2011లో బర్డ్ ఫ్లూ వైరస్‌ను ఫెరెట్‌ల (ముంగిసలాంటి చిన్న జంతువుల) మధ్య గాలి ద్వారా పాకేలా మార్చిన సంగతి బయటికొచ్చింది. అమెరికా 2014లో అలాంటి పనులకు నిధులు ఆపి, 2017లో మళ్లీ తలుపు తీసింది. భద్రత పేరుతో డబ్బు పోస్తే ఇలాంటి ల్యాబులు ఇంకో పది లేస్తాయి.

గొట్టంగోల: 2019లో చైనాలోని లాంఝౌలో అలాంటి ప్రయోగమేమీ జరగలేదు. అది పశువుల టీకాల ఫ్యాక్టరీ. గడువు తీరిన క్రిమిసంహారకం వాడారు, పశువుల నుంచి మనుషులకు సోకే బ్రుసెల్లా క్రిమి గాలిలో కలిసింది, పదివేల మందికి పైగా సోకింది. ప్రయోగాలు ఆపేస్తే ఇది ఆగేదా?

పిపెట్: ఇద్దరూ పనిచేసే మనిషిని వదిలేశారు. 2004లో బీజింగ్‌లో సార్స్, 2014లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో ఆంత్రాక్స్. పదేళ్ల తేడాతో ఒకటే తప్పు: చచ్చిందనుకున్న క్రిమి చావలేదు, సరిగ్గా పరీక్షించకుండానే తక్కువ రక్షణ ఉన్న గదిలోకి పంపారు. బీజింగ్‌లో ఒక పరిశోధకురాలి తల్లి ప్రాణమే పోయింది. గోడలు కట్టడానికి కాదు, శిక్షణకివ్వండి డబ్బు. ఇంకో మాట. నేను పనిచేసిన ఒకచోట గ్లవ్ చిరిగితే రిజిస్టర్లో రాయొద్దన్నారు, తనిఖీ వస్తుందని.

సందేహి: రిజిస్టరు బయటపెట్టని ల్యాబుకు నిధులు ఆపేస్తే సరి.

పిపెట్: ఆపుతామంటే ఇంకా దాస్తారు. రాసినవాడికి శిక్ష ఉండదని ముందు చెప్పండి.

గొట్టంగోల: ఇది ఒప్పుకుంటా. కానీ రాసింది చదివి గొట్టం మార్చడానికైనా డబ్బు కావాలిగా!