‘ఎన్టీవోడు’ ఎప్పుడు ‘అన్నగారు’ అయ్యారు? సినిమా ‘-డు’, రాజకీయ ‘-రు’

గ్రూపులో ఒక సభ్యురాలి ప్రశ్న:
“మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ ‘ఎన్టీవోడు’ అంటారు. ముఖ్యమంత్రి పదవి చేపట్టిన మనిషిని పట్టుకుని ‘వోడు’ అనడం అమర్యాద కాదా? ‘అన్నగారు’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?”

నా జవాబు కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

అమర్యాద కాదండీ, అది చనువు. మనవాడు మనోడు అయినట్టు, పిల్లవాడు పిల్లోడు అయినట్టు, ఎన్టీ పక్కన ‘వాడు’ చేరి ఎన్టీవోడు అయింది. టికెట్టు కొని నేల తరగతిలో కూర్చుని చూసిన మనిషి, తనకు నచ్చిన నటుణ్ణి తన ఇంటివాళ్ళలో కలుపుకుని పెట్టుకున్న పేరది. హాల్లోంచి బయటికొస్తూ “రామారావు ఎంత బాగా చేశాడో!” అంటాడు గానీ “చేశారు” అనడు. నాగేశ్వర్రావైనా, కృష్ణ అయినా, చిరంజీవి అయినా అంతే. “ఏం డాన్సు చేశాడ్రా!” అన్నప్పుడు ఆ ‘డు’లో ఉన్న ప్రేమ ‘చేశారు’ అంటే రాదు.

దీనికి ఇంకో మూలం కూడా ఉందని నా నమ్మకం. తెలుగులో ‘గారు’ అక్కర్లేనివాడు దేవుడు. రాముడు అడవికి వెళ్ళాడు, కృష్ణుడు వెన్న తిన్నాడు, శివుడు విషం మింగాడు. అన్నీ ఏకవచనాలే. భద్రాచల రామదాసు చెరసాలలో ఉండి రాముణ్ణి నిలదీసిందీ ‘నువ్వు’ అనే. మనకు బాగా దగ్గరివాడికి, అందరికన్నా పైనున్నవాడికి ఒకే క్రియ. ఆ మధ్యలో ఉన్నవాళ్ళకే బహువచనం: తహసీల్దారుగారు వచ్చారు, మంత్రిగారు వెళ్ళారు. అంటే ‘-రు’ ఎత్తును చెప్పే ప్రత్యయం అనుకుంటాం గానీ, అది ముందు చెప్పేది దూరాన్ని.

ఇప్పుడు రామారావుగారి సంగతి చూడండి. 1949లో ‘మనదేశం’తో తెరమీదికి వచ్చారు. 1957 నాటి ‘మాయాబజార్’ కృష్ణుడితో మొదలుపెడితే రాముడు, వేంకటేశ్వరుడు... పౌరాణికాల్లో దేవుడంటే ఆయన ముఖమే అనేంత వరకు వెళ్ళింది. కాబట్టి ఆయనకు రెండు వైపుల నుంచీ ఏకవచనం దక్కింది: అభిమాని పెట్టిన ‘వోడు’ ఒకటి, వేసిన వేషం తెచ్చిన ‘డు’ ఇంకొకటి. తెలుగులో ఇంత గట్టి ఏకవచనం సంపాదించుకున్న మనిషి మరొకరు నాకు కనబడరు.

1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టారు. చైతన్యరథం ఎక్కి రాష్ట్రమంతా తిరిగారు. 1983 జనవరిలో 294 స్థానాల్లో 200 పైగా గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. ఈ కొద్ది నెలల్లోనే భాషకు ఒక ఇబ్బంది వచ్చిపడింది. ముఖ్యమంత్రిని పట్టుకుని బహిరంగంగా ‘వాడు’ అనలేం. పోనీ ‘శ్రీ రామారావుగారు’ అంటే ఆ చనువంతా పోతుంది. ఆ ఇబ్బందికి దొరికిన జవాబే ‘అన్నగారు’. ‘అన్న’తో ఇంటి మనిషి, ‘గారు’తో పదవిలో ఉన్న మనిషి. ఎదురుగా ఉంటే మనం అన్నను “అన్నయ్యా” అంటాం, “నువ్వు” అంటాం. ‘అన్నగారు’ అనేది ఎక్కువగా ఆయన లేనిచోట, ఇతరులతో ఆయన గురించి చెప్పేటప్పుడు వాడే రూపం: “మా అన్నగారు ఊళ్ళో లేరు.” పార్టీ వేదికకు సరిగ్గా అదే కావాలి కదా.

ఈ చుట్టరికం పిలుపుతోనే ఆగలేదు. ఆయన సభల్లో ఆడవాళ్ళను ‘ఆడపడుచులు’ అని పిలిచేవారు. అన్నగా పిలిపించుకున్నవాడు ఆడపడుచుకు ఏమిచ్చాడన్న ప్రశ్న తెలుగింట్లో తప్పదు. ఆయన ప్రభుత్వం ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమాన హక్కు ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని రాష్ట్రంలో సవరించింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు మాత్రం రాష్ట్ర సవరణ వర్తించలేదు, అది పెద్ద లోటే. అయినా ఒక రాజకీయ పిలుపుకు ఇంత బరువైన అర్థం చట్టంలో దొరకడం అరుదు. ‘అన్నగారు’ ఇన్నాళ్ళు నిలిచిందంటే సినిమా ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను.

ఇక అసలు నాకు పట్టింపు ఉన్న విషయం. మన పత్రికల్లో సినిమా పేజీకి, రాజకీయ పేజీకి క్రియలు వేరు. సమీక్షలో “ద్వితీయార్ధంలో తేలిపోయాడు”, “ఆ సన్నివేశంలో అదరగొట్టాడు” అని తరచూ చదువుతాం. అదే మనిషి ఎన్నికల్లో నిలబడితే “అన్నారు, విమర్శించారు, హామీ ఇచ్చారు”. పవన్ కల్యాణ్‌గారు 2024 జూన్‌లో ఉప ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఆయన సినిమాలు విడుదలయ్యాయి. ఒకే మనిషికి ఒకే రోజు రెండు రకాల క్రియలు రాయాల్సిన పరిస్థితి!

మర్యాద కోసమైతే నాకు అభ్యంతరం లేదు. కానీ ‘-డు’ ఉన్నచోట మనకు ఒక స్వేచ్ఛ కూడా ఉండేది. ఎంత వీరాభిమాని అయినా “ఈ సినిమాలో మనోడు తేలిపోయాడురా, కథ చూసుకోవద్దూ?” అనగలడు. డబ్బు పెట్టి టికెట్టు కొన్నవాడి హక్కది. ఆ హీరో పార్టీ పెట్టి, ఆ అభిమాని కండువా వేసుకున్నాక ఆ నోరు పడిపోతుంది. సినిమా బాగాలేదంటే ఊరుకున్నవాడు, పథకం బాగాలేదంటే కొట్లాటకొస్తాడు. టికెట్టు కొన్నవాడికున్న హక్కు పన్ను కట్టేవాడికి, ఓటేసేవాడికి లేకపోవడం ఏమిటి? ‘-రు’ చేర్చుకున్నంత మాత్రాన ప్రశ్న వదులుకోనక్కర్లేదు.

ఓటర్లు మాత్రం ఆ ప్రశ్నను వదులుకోలేదు. 1989లో రామారావుగారు హిందూపురంలో గెలిచి, కల్వకుర్తిలో ఓడిపోయారు. చిరంజీవిగారు 2008 ఆగస్టులో తిరుపతిలో ప్రజారాజ్యం పెట్టి, 2009లో 18 స్థానాలు గెలిచారు. తాను తిరుపతిలో నెగ్గారు గానీ పాలకొల్లులో ఓడారు. పవన్ కల్యాణ్‌గారు 2019లో గాజువాక, భీమవరం రెండుచోట్లా ఓడి, 2024లో పిఠాపురంలో గెలిచారు. ఆయన పార్టీ పోటీచేసిన 21 అసెంబ్లీ స్థానాలూ గెలుచుకుంది. ఈ అన్ని ఎన్నికల్లోనూ అభిమానం ఉన్నచోటే ఉంది, ఓటు మాత్రం లెక్క చూసుకుని పడింది.

ఒక వ్యాఖ్య:
“మీరు చెప్పింది పత్రికల భాష, పార్టీ భాష. మా అమ్మమ్మ చివరిదాకా ‘రామారావు బియ్యం’ అనేది. ‘రెండు రూపాయలకే ఇచ్చాడు’ అనేది. ముఖ్యమంత్రి అయ్యాడని ఆవిడ క్రియ మార్చలేదు.”

జవాబు: ఇది చాలా మంచి మాట. ‘ఇచ్చాడు’ అంటే ఆవిడ దృష్టిలో బియ్యం ప్రభుత్వం ఇచ్చింది కాదు, ఇంటివాడు తెచ్చిపెట్టింది. కిలో రెండు రూపాయల బియ్యం గురించి పల్లెల్లో చాలామంది ఇలాగే చెప్పుకున్నారు. ఇందులో ఉన్న ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ అది ఖజానా సొమ్ము, ఆవిడ హక్కు. ఇంటివాడు పెట్టిన తిండికి లెక్క అడగం కదా, చిక్కంతా అక్కడే. అందుకే, చనువును వదలకుండానే లెక్క అడిగే భాష మనం తయారు చేసుకోవాలి.

ఇంకో వ్యాఖ్య:
“మరి హీరోయిన్ల సంగతో?”

జవాబు: అక్కడ తేడా ఇంకా పెద్దది. తెలుగులో ఆడవాళ్ళకు, పశుపక్ష్యాదులకు, వస్తువులకు ఏకవచనంలో ఒకే క్రియ: సావిత్రి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. కాబట్టి ‘చేసింది’ నుంచి ‘చేశారు’కు రావడమంటే దూరం ఒక్కటే కాదు, మనిషిగా గుర్తింపు కూడా. జమునగారు 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకు గెలిచారు. అంతవరకు “సత్యభామగా జమున ఎంత బాగా చేసింది!” అన్న నోళ్ళే “ఎంపీగారు వచ్చారు” అనాల్సి వచ్చింది. మగ నటుడు ‘-రు’ వల్ల పోగొట్టుకునే చనువు కన్నా, నటి ‘-రు’ వల్ల సంపాదించుకునే గౌరవం ఎక్కువ. జయలలితగారి విషయంలో తమిళులు ‘అమ్మ’ అన్నారు. మన ఇళ్ళలో “నాన్నగారు వచ్చారు, అమ్మ వచ్చింది” అనే వాడుక చాలాచోట్ల ఉంది, ఆ తేడా గురించి వేరే చర్చ పెట్టుకోవాలి.

మరో సభ్యుడు:
“అయితే ‘అన్న’ సినిమావాళ్ళు తెచ్చిన మాటేనా?”

జవాబు: కాదు. తెలంగాణ పల్లెల్లో ‘అన్నలు’ అంటే నక్సలైట్లు, దానికీ సినిమాకూ సంబంధమే లేదు. తమిళనాట అణ్ణాదురైగారు ‘అణ్ణా’ అయ్యారు. ఆయన నాటకాలు, సినిమాలు రాసినవారే, 1967లో ముఖ్యమంత్రి అయ్యారు. వై.ఎస్. కుటుంబంలో రాజన్న, జగనన్న వచ్చింది పేరుకు అన్న చేర్చే మామూలు వాడుక నుంచి. అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసేది కన్నడం. రాజ్‌కుమార్‌గారిని వాళ్ళు ‘అణ్ణావ్రు’ అంటారు, అంటే అచ్చంగా మన అన్నగారే. 1980ల మొదట్లో గోకాక్ ఉద్యమంలో కన్నడం కోసం ఆయన వీధుల్లోకి వచ్చారు గానీ పార్టీ పెట్టలేదు, ఎన్నికల్లో నిలబడలేదు. అదే పిలుపు, అదే కాలం, అంతే అభిమానం, దారి మాత్రం వేరు. కాబట్టి ‘అన్న’ అనిపించుకున్న ప్రతి నటుడూ కుర్చీ దాకా వెళ్ళాలని లేదు.

చివరగా, వ్యాసం రాస్తున్న విద్యార్థి ఒకరు అడిగారు: నటజీవితం, రాజకీయ జీవితం రెండూ ఒకే వ్యాసంలో వస్తే ఏ రూపం వాడాలి?

జవాబు: మొదటి నుంచి చివరిదాకా ‘-రు’ వాడండి. 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు గెలిచిన జగ్గయ్యగారి గురించి రాసినా అంతే, 1989లో ఏలూరు నుంచి గెలిచిన కృష్ణగారి గురించి రాసినా అంతే. మధ్యలో క్రియ మారిస్తే పదవి వచ్చాకే మనిషి గౌరవనీయుడయ్యాడన్న అర్థం వస్తుంది, అది నటనకు అన్యాయం. ‘-డు’ను పాత్ర కోసం ఉంచండి: “‘మనదేశం’ సినిమాలో రామారావు పోలీసు ఇన్‌స్పెక్టరు వేషం వేశారు” అని రాసి, “మాయాబజార్‌లో కృష్ణుడు నవ్వాడు” అనండి. ఇక ఎవరైనా అన్న మాటను ఉటంకిస్తుంటే వాళ్ళు ‘ఎన్టీవోడు’ అన్నా, ‘ఇచ్చాడు’ అన్నా దిద్దకుండా అలాగే ఉంచండి.