లైపోసోమల్ యాంఫోటెరిసిన్ బి క్లెయిమ్‌లో పారేసిన మందుకు ఎన్‌డీసీ క్వాంటిటీ ఎలా వేయాలి?

అమెరికాలో ఇన్‌ఫ్యూజన్ (నరం ద్వారా ఎక్కించే మందుల) ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ చూసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. పేషెంట్‌కు ఫంగల్ ఇన్ఫెక్షన్ మందు లైపోసోమల్ యాంఫోటెరిసిన్ బి 210 మి.గ్రా. ఎక్కించారు. వయల్ 50 మి.గ్రా.ది కాబట్టి ఐదు తెరవాల్సి వచ్చింది, మిగిలిన 40 మి.గ్రా. పారేశారు. ఈ మందు బిల్లింగ్ కోడ్ జె0289కి ఒక్కో యూనిట్ 10 మి.గ్రా. గనుక మొదటి లైన్‌లో 21 యూనిట్లు, జేడబ్ల్యూ మాడిఫయర్‌తో (పారేసిన మందు అని తెలిపే గుర్తు) రెండో లైన్‌లో 4 యూనిట్లు వేశాం. ఇంతవరకు నాకు అనుమానం లేదు.

చిక్కంతా ఎన్‌డీసీ (మందు ప్యాక్ మీద ఉండే నేషనల్ డ్రగ్ కోడ్) క్వాంటిటీ దగ్గరే. ఇది పొడి మందు, కాబట్టి కొలత ఎంఎల్ కాదు, యూఎన్ (యూనిట్, అంటే ఇక్కడ వయల్స్ లెక్క). మొదటి లైన్‌లో 4.2, రెండో దాంట్లో 0.8 అని విడగొట్టాలా, లేక మొత్తం 5 ఒకే చోట చూపాలా? క్వాంటిటీ సరిపోలేదని ఇన్సూరెన్స్ వాళ్లు తిప్పి పంపారు. ఫోన్ చేస్తే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. మందేమో చాలా ఖరీదైనది, అప్పీల్ గడువు దగ్గర పడుతోంది, భారం పేషెంట్ మీద పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మీ దగ్గర పాసైన క్లెయిమ్‌లో ఆ రెండు లైన్లు ఎలా వేశారో చెప్పగలరా?