అప్‌డేట్: డాబాకు తెల్ల పూత వేశాను

పై గది చల్లబడాలంటే డాబాకు తెల్ల పూత ముందా, పగుళ్లు పూడ్చడం ముందా అని అడిగాను కదా. పగుళ్లే ముందన్నారు. విన్నాను, బతికిపోయాను. పిట్టగోడ వెంబడి నాచు గీకితే, వెంట్రుకంత అనుకున్న పగులు గోరు దిగేంత ఉంది! దుమ్ము దులిపి, సాగే గుణమున్న పూడికతో నింపాను. ఉత్త సిమెంటు అయితే స్లాబు ఎండకు వ్యాకోచించి, చల్లబడి సంకోచిస్తున్నప్పుడు మళ్లీ విడిపోతుంది.

ఒక తప్పు చేశాను. మొదటి పూత మిట్టమధ్యాహ్నం వేశాను. కాలిన స్లాబు మీద చప్పున ఆరిపోయి, పెచ్చులుగా లేచింది. అంతా గీకి, మర్నాడు తెల్లవారుజామున మళ్లీ వేశాను; ఆరాక రెండో పూత అడ్డంగా. గదిలో తేడా తెలుస్తోంది, ముఖ్యంగా రాత్రిళ్లు. నీటి తూము దగ్గర వాలు సరిగా లేదని మాత్రం ఇప్పుడే కనిపెట్టాను. వానలు పడేలోపు ఆ పని చూడాలి.