తిక్కన పద్యం: ఉరికీ, కారుణ్య మరణానికీ ఒకటే కొలతా?

కందుకూరు మాస్టారు మన నెల్లూరు తిక్కన కందం పెట్టి, "దీని ప్రకారం ఉరి తప్పయితే కారుణ్య మరణమూ తప్పే గదా" అని అడిగారు. పద్యం మరోసారి:

ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబున కగుఁ దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మపథముల కెల్లన్

మాస్టారూ, ఈ పద్యం 'ప్రాణం తీయకు' అనడం లేదు. నీకు అప్రియమైంది ఎదుటివాడికి చేయొద్దంటోంది. నాకు స్పృహ తిరిగిరాదని తేలిపోయాక గొంతులో గొట్టం పెట్టి వెంటిలేటర్ మీద నెలల తరబడి ఉంచితే, అదే నాకు అప్రియం. 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకున్నదీ అంతవరకే: కోలుకునే ఆశ లేనప్పుడు వైద్యం ఆపొచ్చు, ఆ కోరిక ముందే రాసిపెట్టుకోవచ్చు. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడాన్ని ఒప్పుకోలేదు. పేపర్లు రెండింటినీ 'కారుణ్య మరణం' అనే రాస్తాయి, గొడవంతా అక్కడే మొదలవుతోంది. "ఇంక ఇంటికి తీసుకుపోండి" అని డాక్టరు చెప్పాక తులసి తీర్థం పోసేవాళ్లను మన ఊళ్లలో ఎవరైనా హంతకులంటారా?

ఉరి వద్దన్నందుకు కావలి అక్క అడిగింది కష్టమైన ప్రశ్న: "చంపినవాడు చచ్చినవాడి ఇష్టం అడిగాడా?" అడగలేదక్కా. అందుకే శిక్ష పడాలి, జీవితాంతం జైల్లో పెట్టినా నేను కాదనను. కానీ 'నరవర' అన్న పిలుపు చూడండి. అంపశయ్య మీదున్న భీష్ముడు, తన చావు తన ఇష్టంలో ఉన్నవాడు, ఈ మాట చెబుతున్నది దండం చేతబట్టే ధర్మరాజుకు. హంతకుడికి కాదు, రాజుకు. 1993లో చిలకలూరిపేట బస్సు దహనంలో 23 మంది పోయారు. ఉరి పడిన ఇద్దరికీ 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవంగా మార్చారు. ఆ బస్సులో తన మనిషిని పోగొట్టుకున్నవాళ్లు కోప్పడితే వాళ్లను ఒక్క మాట అనలేను. అయినా ఆ నిర్ణయం సరైందేనంటాను.

నన్ను నిలబెట్టేసేది ఇంకో కేసు. 2004లో హైదరాబాద్‌లో కండరాల జబ్బుతో ఉన్న పాతికేళ్ల అబ్బాయి, అవయవాలు పాడవకముందే దానం చేస్తాను, చావనివ్వండి అని కోరాడు. హైకోర్టు కాదంది. అడిగింది అతనే, స్పృహలో ఉండే. మొదట నాకు కోర్టు మీదే కోపం వచ్చింది. కానీ ఆ పని చేయాల్సింది ఒక డాక్టరు. పద్యంలోని 'ఒరులు' (ఇతరులు) అన్న మాటలో ఆ డాక్టరూ ఉన్నాడా లేదా, మాస్టారూ?