‘అమోక్’ పుట్టిల్లు మలయ్ దేశమా, మలబారా?

నిఘంటుప్రియ:
ఆంగ్లంలో ‘రన్’ అనే క్రియ పక్కన తప్ప అరుదుగా కనబడే క్రియావిశేషణం ‘అమోక్’. ఒళ్లు తెలియని ఆవేశంతో ఎదురైనవారి మీదల్లా విరుచుకుపడటాన్ని అది తెలుపుతుంది. నిఘంటువులు దానిని మలయ్ మాటగానే చూపుతున్నాయి. అయితే 1886లో వెలువడిన యూల్, బర్నెల్‌ల ఆంగ్లో-ఇండియన్ పదకోశం ‘హాబ్సన్-జాబ్సన్’ సంస్కృతంలోని ‘అమోక్ష్య’ను (విడిపించలేనిది), మలయాళంలో యుద్ధమనే అర్థమున్న ‘అమర్’ నుంచి ఏర్పడిన యోధవాచకాన్ని కూడా ప్రస్తావించింది. పైగా, కాలికట్ పాలకుడైన జామొరిన్‌తో జరిగిన పోరులో కొచ్చి రాకుమారులు మరణించగా చావుకు తెగించి బయలుదేరిన వారి భటులను పోర్చుగీసు చరిత్రకారుడు గాస్పర్ కొరెయా ‘అమోకో’లనే పిలిచాడు. మలబారు వాదాన్ని అంత తేలికగా తోసిపుచ్చరాదు.

తీరవాసి:
ప్రియ గారూ, కొరెయా కంటే ముందువాడైన దువార్తె బార్బోసాను చూడండి. ఆయన కన్ననూరులో పోర్చుగీసువారి కొలువులో ఉండి మలయాళం బాగా నేర్చినవాడు. అటువంటి మనిషి 1516 ప్రాంతంలో రాస్తూ, కఠారి పట్టి వీధుల్లో పడి, తాము చచ్చేదాకా కనబడినవారినల్లా చంపేవారిని ‘అముకో’ అంటారని జావా ప్రజల గురించి చెప్పాడే గాని మలబారువారి గురించి కాదు. కేరళలో ఆత్మాహుతి యోధులకు ‘చావేర్’ అనే సొంత పేరు ఉండనే ఉంది.

నిఘంటుప్రియ:
మలయ్ రేవు మలక్కాకు, మన పడమటి తీరానికి మధ్య వర్తకం పోర్చుగీసువారు రాకముందు నుంచీ ఉన్నదే కదా. మాట ఇక్కడి నుంచే అక్కడికి వెళ్లి ఉండవచ్చు.

తీరవాసి:
వెళ్లి ఉండవచ్చుననడం వెళ్లిందనడానికి సాక్ష్యం కాదు. మలయ్‌లో ‘అముక్’ ధాతువై ‘మెంగముక్’ అనే క్రియనిస్తోంది, జావా భాషలోనూ ‘ఙముక్’ ఉంది. అంటే ఆ భాషల వ్యాకరణంలో అది పూర్తిగా ఇమిడిపోయింది. ‘అమర్’లోని రేఫ ఎలా పోయిందో చెప్పకుండా ఈ ఊహ నిలబడదు. ‘అమోక్ష్య’ అయితే ధ్వనిసామ్యం చూసి అల్లిన కథలాగే నాకు తోస్తుంది.

పదశోధి:
పుట్టుక మలయ్ అనే నేనూ అంటాను, కానీ క్రియావిశేషణంగా మారింది మాత్రం ఆంగ్లంలోనే. పోర్చుగీసు యాత్రికుడు పింటో గ్రంథానికి వచ్చిన 1663 నాటి ఆంగ్ల అనువాదంలో పోర్చుగీసు ద్వారా వచ్చిన రూపం నామవాచకమే. తరువాత వినేవారు మొదటి ‘అ’ను ఆంగ్ల ఉపపదంగా (ఆర్టికల్‌గా) భావించి ‘అ మక్’ అని విడదీశారు. 1687లో ఆంగ్ల కవి డ్రైడెన్ నడుమ విశేషణాన్ని సైతం చొప్పించి ‘యాన్ ఇండియన్ మక్’ అని రాశాడు. ఆనాటి ఆంగ్లేయులకు ‘ఇండియన్’ అంటే తూర్పు దీవులూ కలిసినదే కనుక ఆ విశేషణాన్ని మలబారు వాదానికి సాక్ష్యంగా తేవద్దని ప్రియ గారికి ముందే మనవి చేస్తున్నాను.