విల్లీ నెల్సన్ పాడిన ‘ఆల్వేస్ ఆన్ మై మైండ్’ క్షమాపణా, సాకా?

ప్రశ్న:
కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లె బాణీ పాటలు, ఈ మధ్యే వినడం మొదలుపెట్టాను, 1982లో అక్కడి గాయకుడు విల్లీ నెల్సన్ పాడిన ఈ పాట దగ్గర ఆగిపోయాను. ఒక మగాడు తన మనిషితో, నిన్ను సరిగ్గా చూసుకోలేదేమో, చెప్పాల్సిన చిన్న చిన్న మాటలు కూడా చెప్పలేదు అంటూనే, నువ్వు మాత్రం ఎప్పుడూ నా మనసులోనే ఉన్నావు అంటాడు. వింటుంటే గొంతు పట్టేస్తుంది, కాసేపయ్యాక కోపం కూడా వస్తుంది. మనసులో ఉంచుకుంటే ఆమెకేం ఒరిగింది? నాకొక్కడికేనా ఇలా అనిపిస్తోంది?

జవాబు 1:
కోపం రావడం సహజమే, పాటలోనే అది ఉంది. ‘చేయలేదేమో’ అంటున్నాడు చూడండి, ఒప్పుకోవడం కూడా సగమే. కానీ నాకు ఆ సగమే నిజంగా అనిపిస్తుంది. పోగొట్టుకున్నాక మొదటిసారి నోరు విప్పినప్పుడు ఎవరైనా అలాగే నసుగుతారు, తప్పంతా నాదే అని గబగబా చెప్పేస్తే నేనైతే నమ్మను.

జవాబు 2:
ఎవరు పాడుతున్నారన్న దాన్ని బట్టి అర్థమే మారిపోతుంది. ఇది నెల్సన్ సొంత కథ కాదు, వేన్ కార్సన్, జానీ క్రిస్టఫర్, మార్క్ జేమ్స్ కలిసి రాశారు. భార్య ప్రిసిల్లాతో విడిపోయిన కొన్నాళ్లకే, 1972 మార్చిలో గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ దీన్ని రికార్డ్ చేశాడు. ఆయన గొంతులో బతిమాలడం ఉంది, ఆమె ఇంకా గుమ్మం దాటలేదు, ఆపగలననే ఆశ ఉంది. నెల్సన్ యాభైకి దగ్గరపడుతున్న వయసులో, పియానో తోడుగా, తాళానికి కాస్త వెనకగా, మాట్లాడుతున్నట్టే పాడాడు. ఆమె ఎప్పుడో వెళ్లిపోయింది, ఈయన ఖాళీ గదిలో చెప్పుకుంటున్నాడు. అందుకే ఇంకో అవకాశం ఇవ్వమని అడిగే చరణం ఎల్విస్ దగ్గర కోరికలా ఉంటే, నెల్సన్ దగ్గర జవాబు రాదని తెలిసి అడిగినట్టుంటుంది. కోపం కరిగేది నాకు అక్కడే.

జవాబు 3:
‘మగాడు’ అని రాశారు, అది పూర్తిగా నిజం కాదు. ఈ పాట మొదట బయటికొచ్చింది ఒక స్త్రీ గొంతులోనే, 1972లో గ్వెన్ మెక్‌క్రే పాడింది, అదే ఏడాది బ్రెండా లీ కూడా పాడింది. అవి విన్నాక మీ ప్రశ్న మళ్లీ వేసుకోండి. పట్టించుకోకపోవడం మగవాళ్ల సొత్తేమీ కాదు కదా.
సాకు అస్సలు లేని పాట కావాలంటే 1980లో జార్జ్ జోన్స్ పాడిన ‘హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’ వినండి. అందులో ప్రేమించినవాడు తన తరఫున వాదించుకోడు, కథంతా వేరే మనిషి చెబుతాడు. ఇంత విషాదం ఎవరు కొంటారని జోన్స్‌కే నమ్మకం లేదు, తీరా చూస్తే వరసగా రెండేళ్లు, 1980లో, 1981లో, కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వారి ఉత్తమ గీతం అదే అయింది.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
బ్రెండా లీ విన్నాను. నిజమే, ఆమె పాడుతుంటే ఎదుటి మనిషి తరఫున కోపం రాలేదు, ఆమె మీద జాలే కలిగింది, అంటే నాలోనే ఏదో పక్షపాతం ఉందన్నమాట. అయినా ‘మనసులో ఉన్నావు’ అన్న పల్లవితో మాత్రం నేనింకా రాజీపడలేదు. జార్జ్ జోన్స్ పాట ఈ రాత్రికి వింటాను.

జవాబు 2:
పడకండి. ఆ పల్లవితో ఆమె కూడా రాజీపడినట్టు పాటలో ఎక్కడా లేదు.